రెండు స్టేజీలు, ఒక్క కోరిన్

"ఆరింటికల్లా తేల్చండి," అంది కోరిన్. "నా చోటు ఎక్కడో ఉత్సవం వాళ్లకు చెప్పాలి. ఇంకా పాతిక నిమిషాలే ఉంది."

ఆ మాటతో అసలు గొడవ మొదలైంది.

వెర్మాంట్ కొండల్లో మూడు రోజుల సంగీతోత్సవం. ఆదివారం, ఆఖరి రోజు. ఏ మహానుభావుడు వేశాడో గానీ పట్టిక, సరిగ్గా ఆరున్నరకు పెద్ద స్టేజి మీద స్లో ఫెర్రీ బ్యాండు, వాగు పక్క స్టేజి మీద కాపర్ కెటిల్ బ్యాండు. తొమ్మిదిమంది స్నేహితులు రెంటికీ వెళ్లలేరు. విడిపోయి చెరో పక్కకీ వెళ్లలేరు. కోరిన్ ఉంటేనే స్టేజి ముందు వరసలో వాళ్లకు చోటు. ఇంకో స్టేజికి రావలసిన ఆవిడ జ్వరమని పొద్దున్నే కబురు పెట్టింది. ఇప్పుడు కోరిన్ ఎటు వెళ్తే అందరూ అటే.

"ఇందులో తేల్చేదేముంది? ఫెర్రీకే," అన్నాడు ఓరిన్. అరవై ఆరేళ్లవాడు. ఇది అతనికి రెండువందల పన్నెండో ఫెర్రీ షో. జున్ను శాండ్‌విచ్ పళ్ల మధ్య ఇరికించుకుని మరీ వాదిస్తున్నాడు.

"నీ ఫెర్రీ వాళ్లు పాట మొదలెట్టాక నేను వెళ్లి, క్యూలో నిలబడి, బర్రిటో కొనుక్కుని, తిని వచ్చానురా. ఇంకా అదే పాట!" అన్నాడు లానీ.

"అదీ ప్రయాణమంటే. నీ కెటిల్ వాళ్లవి కోతి గెంతులు. ఒక్కచోట నిలబడి చావరు."

"రోజుకో కొత్త మాట కడతారు కెటిల్ వాళ్లు. మీ ఏబెల్ బేస్ గిటారు పట్టుకుని కునుకు తీస్తాడు."

ఓరిన్ మొహం ఎర్రబడింది. గుండె మీద గుద్దుకుని చూపించాడు. "ఆ మనిషి తీగ మీటితే ఇక్కడ తగులుతుంది. ఇదిగో, ఇక్కడ! మీ గిటారువాడు ఎంత గెంతినా నా దాకా రాడు."

పక్కనే వేపుళ్ల బండి జనరేటరు చెవులు పగిలేలా మోగుతోంది. వీళ్లకు అదేం పట్టలేదు. రెండడుగుల దూరంలో ఆ మోతకు అలవాటుపడి గడ్డి మీద పడుకున్న కుర్రజంటకు వీళ్ల గొడవతో నిద్ర కూడా చెడలేదు. చుట్టూ గుడారాల్లో జనం పాత షోల రికార్డింగులు మార్చుకుంటున్నారు. ఓరిన్ దగ్గర అలాంటిది ఒక్కటీ లేదు. డబ్బాలో పెట్టిన పాట పాటే కాదంటాడు, ఎదురుగా నిలబడి తీరాలంటాడు.

"పన్నెండు నిమిషాలు," అంది కోరిన్.

జనం గుంపులుగా కదిలిపోతున్నారు. లానీ నిలబడలేక ముందుకీ వెనక్కీ తిరుగుతున్నాడు.

"అంత ఇదిగా ఉంటే నువ్వొక్కడివే పో పెద్ద స్టేజికి."

"పోయి? కోరిన్ లేకుండా పదివేలమంది వెనకాల నిలబడి వాళ్ల వీపులు చూడనా?" ఓరిన్ శాండ్‌విచ్ విసిరేశాడు. "కెటిల్ వాళ్లు వచ్చేవారం ఆల్బనీలో ఉంటారు. ఏబెల్‌కి ఇదే ఆఖరి షో. రేపట్నుంచి బంగాళదుంపలు పండించుకుంటాడట. ముప్ఫై ఒక్క ఏళ్లు తిరిగాన్రా ఆయన వెనక. వెళ్తూ వెళ్తూ ఏమంటాడో నాకు కావాలి. అంతే."

"వచ్చేవారం దాకా నేనుంటానో లేదో! నాకు కెటిలే కావాలి."

"యాభై నాలుగేళ్లకే పోతావా, నాటకాలరాయుడా?"

"నువ్వు మొండి గాడిదవి."

ఓరిన్ టక్కున కళ్లు మూసుకున్నాడు. ఆ గుంపులో ఎదుటివాడి ముందు కళ్లు మూసుకోవడం కంటే పెద్ద తిట్టు లేదు. లానీకి ఒళ్లు మండిపోయింది. భుజం పట్టుకుని కుదిపాడు. ఓరిన్ కళ్లు తెరవలేదు.

"ఓటు పెట్టండి," అంది కోరిన్. "ఐదు నిమిషాలు."

ఫెర్రీకి నాలుగు చేతులు లేచాయి; కళ్లు మూసుకునే ఉన్న ఓరిన్ చేతిని పక్కవాడు ఎత్తి పట్టాడు. కెటిల్‌కీ నాలుగు. అందరూ బెటీనా వైపు చూశారు. ఆమె లానీ భార్య. బెలూన్లు ఊది ముడులు వేసే పనిలో పడి ఇంతసేపూ మాట కలపలేదు. ఊదాల్సినవి ఇంకా రెండున్నాయి. వాటిని ఒళ్లో పెట్టుకుంది.

"లానీ, రట్లాండ్‌లో వాన పడ్డ రోజు ఫెర్రీ వాళ్లు ఆ చెక్క నేల హాల్లో వాయించారు. గుర్తుందా?"

"అదిప్పుడెందుకు?"

"బూట్లు విప్పేసి వట్టికాళ్లతో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చిందెవరు?"

లానీ తన బూట్లకేసి చూశాడు. తర్వాత వెళ్లి ఓరిన్ భుజం తట్టాడు, ఈసారి మెల్లగా. ఓరిన్ ఒక కన్ను తెరిచాడు.

"పద, ముసలోడా. మీ కునికే ఏబెల్ దగ్గరికే. ఆల్బనీకి మాత్రం పెట్రోలు నీదే."

ఓరిన్ అతన్ని కావలించుకున్నాడు. మరుక్షణం అందరూ పరుగు.

ఆరున్నర. ఎండ ఇంకా స్టేజి మీదే ఉంది. తొమ్మిదిమందీ మొదటి వరసలో, పాటకు చేతుల్లో అదిరే తొమ్మిది బెలూన్లు గుండెలకు హత్తుకుని నిలబడ్డారు. ఓరిన్ బూట్లు విప్పేశాడు. లానీ కూడా.

ఏబెల్ వచ్చాడు. తెల్లబడ్డ గడ్డం, అదే పాత టోపీ. పదివేలమంది ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యారు. ఆయన మైకు దగ్గరికి లాక్కుని, గొంతు సవరించుకుని, నెమ్మదిగా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఓరిన్ రెప్ప వేయలేదు.

స్టేజి అంచున చిన్న పీట ఎక్కిన కోరిన్ ఏబెల్‌కు వీపు తిప్పి, పుట్టాక ఒక్క స్వరమైనా వినని ఆ తొమ్మిదిమందికీ ఆయన వీడ్కోలును తన చేతులతో చెప్పసాగింది.