ఆడవాళ్ల మందు

సూర్యప్రభ కషాయం గ్లాసును కోడలికి అందించబోతుంటే, కొడుకు కేశవ్ మధ్యలోనే లాక్కుని గటగటా తాగేశాడు.

"అరె, అది ఆడోళ్ల మందురా! బేగంబజార్ల మూలికలు తెచ్చి పొద్దుగాల్నుంచి మరిగించిన. పిల్లలు గావాలంటే సంహిత తాగాలె గని, నువ్వేంది?"

చేదుకు కేశవ్ ముఖం వంకర్లు పోయింది. మూడేళ్లుగా దీన్ని సంహిత రోజూ ఎలా మింగిందో అతనికి అంతుపట్టలేదు.

"లోపం సంహితల లేదమ్మా. రిపోర్టు వచ్చింది. నాకే తక్కువున్నయట. షుగరు వల్ల గావచ్చన్నడు డాక్టరు."

"ఏం తక్కువున్నయిరా?"

కేశవ్ తల గోక్కున్నాడు. సంహిత నవ్వాపుకోలేక అటు తిరిగింది.

"గవేనమ్మా... పిల్లలు పుట్టాలంటే మగోనికి ఉండాల్సినయి."

సూర్యప్రభ కొడుకు చేతిలోని ఖాళీ గ్లాసు అందుకుంది.

"మరి మగోళ్లకు మూలికల్లేవా?"

"ఉన్నయట. ఎలుకల మీద పరీక్ష జేస్తె మంచిగనే పనిచేసినయట. మనుషుల సంగతి ఇంకా తేలలేదట. ముందైతే షుగరు దించుకొమ్మన్నడు."

షుగరున్నా ఫరవాలేదని కొడుక్కి తానే పెట్టిన ఖుబానీ కా మీఠా గిన్నెను సూర్యప్రభ తీసేసింది. మూడేళ్లుగా పథ్యమని తాను తీపి ముట్టనివ్వని కోడలి ముందు పెట్టింది.

"నువ్వు తిను బిడ్డా. ఇయ్యాల్టి సంది పథ్యం వీనికి."