అరవ సీరియల్లో అత్త మనసు

టీవీలో అత్త, కోడలి చేతిలోని కాగితం లాక్కుని ముక్కలుగా చించి మొహాన విసిరికొట్టింది.

"ఏమంటాండాది ఆ యమ్మ?" అంది మునిరత్నమ్మ, మంచం మీద ఆపరేషన్ కాలు చాపుకుని.

ఐశ్వర్య ఏమాత్రం తడుముకోలేదు. "ఈ ఉద్యోగం నీకు చాలదమ్మా, నీ చదువుకు ఇంకా పెద్దది వస్తాది అంటాండాది అత్తా."

"దానికి మొహాన కొట్టాల్నా?" అంది పక్కింటి జైనబ్ బీ.

"ప్రేమ ఎక్కువైతే అంతే ఆంటీ."

ఐశ్వర్య అరక్కోణం నుంచి తిరుపతికి కోడలై వచ్చి ఆర్నెల్లయింది. పెళ్లిచూపుల నాడు ఆమె తల్లి అరవంలో గుక్క తిప్పుకోకుండా మాట్లాడితే, మునిరత్నమ్మ తల ఊపి నవ్వి మంచినీళ్లు తెచ్చిచ్చింది. పీలేరు దిక్కు మనిషి, ఈమెకు అరవం ముక్క రాదని తల్లీకూతుళ్లు ఆ రోజే తేల్చేసుకున్నారు. ఐశ్వర్య మొగుడు మునిశేఖర్ లారీ డ్రైవరు. ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ అత్తాకోడళ్ల సంగతుల్లో నోరు తెరిచే రకం కాదు.

ఇంట్లో ఉన్నది ఒకటే టీవీ, అదీ అత్త మంచం ఎదురుగా. మధ్యాహ్నం అరవ సీరియల్ చూడకపోతే ఐశ్వర్యకు అన్నం అరగదు. పక్కన కూర్చున్నాక అత్త అడక్కుండా ఉండదు. అలా మొదలైంది ఈ తెలుగులో చెప్పడం. మొదట్లో నిజాయితీగానే చెప్పింది, పాపం.

ఇంతలో తడ దగ్గరి ఫోన్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. కంపెనీ బస్సు అలిపిరి దాకా వస్తుందట. మునిరత్నమ్మ ఒక్క మాటలో కొట్టిపారేసింది. "నా కాలు సూసేదెవురు? సంగటి కెలికేదెవురు? యాడికీ పోయే పన్లేదు."

అంతే. ఆ రోజు నుంచి సీరియల్లో అత్త మంచిదైపోయింది. తెలుగులో మాత్రమే.

కోడల్ని గదిలో పెట్టి తాళం వేస్తే, "పొద్దున్నే డ్యూటీ ఉండాది, ఎవురూ లేపకుండా నిద్రపోనీ అని" అంది ఐశ్వర్య. పాలలో ఏదో పొడి కలిపితే బాదం పొడి అంది.

జైనబ్ బీకి ఒళ్లు మండిపోయింది. "బాదం పొడి కలిపేదానికి అట్ల దొంగసూపులు సూడాల్నా అక్కా? ఆ యమ్మ కండ్లు సూడు. దానికి ఆస్తి మింద కన్నుండాది."

"నీకేం తెల్సు? దిష్టి తగలకుండా సూసుకుంటాండాది. అత్త మనసు అత్తకే తెలస్తాది," అంది మునిరత్నమ్మ.

సీరియల్ రాసినవాడికి కూడా అన్ని అర్థాలు తట్టి ఉండవు. రోజూ అత్తకీ జైనబ్ బీకీ కొట్లాటే. అందులో ఐశ్వర్య ఎప్పుడూ అత్త పక్షమే.

జైనబ్ బీ వెళ్లాక, ఐశ్వర్య అత్త కాళ్ల దగ్గరే కూర్చుని ఆకుకూర తుంచుతూ తల్లికి ఫోన్ చేసేది. అరవంలో అత్త పురాణం మొదలయ్యేది. కాఫీపొడి డబ్బా దిండు కింద దాచుకుంటుందని. గురక పెడితే వీధికుక్కలు లేస్తాయని. మంచం దిగమంటే నొప్పి, పళ్లెం పెడితే మాయమని. అవతల తల్లి పడీపడీ నవ్వేది.

"ఏమంటాండాది మీ యమ్మ?"

"నీ కాలెట్లుందని అడగతాండాది అత్తా."

"పాపం, మంచి మనిసి," అని మునిరత్నమ్మ వక్కాకు నోట్లో పెట్టుకునేది.

శుక్రవారం ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. సోమవారం చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఆ మధ్యాహ్నమే, ఏం ఖర్మో, సీరియల్లో అత్త కోడల్ని మెట్ల మీద నుంచి తోసేసింది.

"పట్టుకోబోయింది," అంది ఐశ్వర్య నీరసంగా. జైనబ్ బీ ఛీ అని లేచి వెళ్లిపోయింది.

ఆ రోజు ఫోన్లో అత్త పురాణం లేదు. ఐశ్వర్య వెక్కి వెక్కి ఏడ్చింది. "అమ్మా, నా చదువు ఈ వంటింట్లోనే ముగిసిపోతుందేమో. పొద్దున లేచి నాదని పోయే చోటు ఒక్కటి ఉంటే చాలు. ఇంటి పనంతా చేసే పోతాను. కానీ ఈమె మొహం చూస్తే అడగడానికి ఇంకోసారి నోరు రావడం లేదు."

"ఎందుకేడస్తాండావు?" అంది మునిరత్నమ్మ.

"అమ్మకు జొరమంట అత్తా," అంది ఐశ్వర్య కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

శనివారం పొద్దున కాఫీ ఇస్తుంటే మునిరత్నమ్మ గ్లాసు అందుకుని, "సోమారం నుంచి పనికి పో. నా కాడుండేదానికి జైనబ్ బీతో మాట్లాడినా," అంది.

అప్పుడే జైనబ్ బీ గడప దాటి లోపలికి వచ్చింది.

"ఏమక్కా, సీరియల్ సూసి మారిపోయినావా?" అని పగలబడి నవ్వింది జైనబ్ బీ.

"ఆ యమ్మ అంత మంచిగా కోడల్ని పంపిస్తాంటే, నేను పంపకపోతే ఏం బాగుంటాది?"

ఐశ్వర్యకు కాళ్లు భూమ్మీద నిలవలేదు. తన తెలివికి తానే మురిసిపోయింది. అత్తల్ని మార్చడం ఇంత సులువా, నాలుగు అబద్ధాలు తెలుగులో చెబితే చాలా అనుకుంది. కాస్త జాలి కూడా పడింది, అమాయకురాలని.

సోమవారం తెల్లవారింది. ఐశ్వర్య అద్దం ముందు జడ అల్లుకుంటుంటే ఫోన్ మోగింది.

"మా అమ్మ అత్తా. రెండు చేతులూ జడలో ఉండాయి. బయల్దేరతాండానని చెప్పు, ఆ మాత్రం తెలుగు అర్థమవుతాది."

మునిరత్నమ్మ ఫోన్ చెవిన పెట్టుకుని, తన పెళ్లికి ముందు మద్రాసు మార్కెట్లో టమోటా గంపల ముందు కూర్చుని నేర్చిన గడగడలాడే అరవంలో అంది: "మీ బిడ్డ పనికి బయల్దేరింది వదినా, ఇంక ఏడవదు లే, ఈ ఆర్నెల్లూ మీరిద్దరూ నా గురించి చెప్పుకున్న మాటలన్నీ ఇప్పుడు మనిద్దరం తీరిగ్గా మాట్లాడుకుందాం."