తడి తగలకూడదు

“ఆమె ఎవరండీ?” అని అడిగింది సుస్మిత, పెరట్లో మామిడి ముక్కలు తుడుస్తున్న అమ్మాయిని చూపిస్తూ.

శౌరమ్మ గతుక్కుమంది. అయినా ముఖం మీది నవ్వు చెరగనివ్వలేదు.

“మా చెల్లెలి కూతురమ్మా. చిన్ని. వాళ్ళది కైకలూరు. పుట్టు చెవుడు, మాట కూడా రాదు. మొగుడు పోయాడు. నాలుగు నెలల పాప ఉంది,” అంది ఒక్క గుక్కలో.

అబద్ధం ఆడటం అలవాటు లేనివాళ్ళు ఒకటి అడిగితే నాలుగు చెబుతారు. శౌరమ్మకు అసలు చెల్లెలే లేదు. మొగుడు పోయిన మాట, పాప ఉన్న మాట నిజం. సైనికులు ఊరికి నిప్పుపెట్టి మొగుణ్ణి కాల్చేస్తే, చిన్ని కడుపుతోనే బర్మా నుంచి బయల్దేరి, ఏ కాగితమూ లేకుండా రెండు సరిహద్దులు దాటింది. చివరికి ఇబ్రహీంపట్నంలో, థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపించే ఈ వీధిలో, శౌరమ్మ పచ్చళ్ళ షెడ్డు ముందు సొమ్మసిల్లి పడింది. నోరు విప్పితే భాష పట్టిస్తుందని చెవిటితనం, మూగతనం రెండూ శౌరమ్మే నేర్పింది. ఇన్నాళ్ళూ వీధి వీధంతా నమ్మింది.

సుస్మిత కానిస్టేబులు. కాన్పు సెలవు అయిపోయి నిన్ననే డ్యూటీలో చేరానంది. పరాయి దేశం వాళ్ళెవరో ఈ వార్డులో ఉంటున్నారని ఫోనొచ్చిందని, అందుకే ఇల్లిల్లూ చూస్తున్నామని, ఎస్సై గారు వీధి చివర జీపులో ఉన్నారని చెప్పింది. చెబుతూనే చేతిలోని చల్లటి నీళ్ళ సీసాను ముక్కల పళ్ళెం పక్కన పెట్టబోయింది.

“అక్కడొద్దమ్మా,” అని శౌరమ్మ కంగారుగా చెయ్యి అడ్డం పెట్టింది. “ఆవకాయ ముక్కలు. ఒక్క చుక్క తడి తగిలినా జాడీ మొత్తం బూజు పడుతుంది.”

సుస్మిత సీసాను సంచిలో పెట్టుకుంది. మెల్లగా చిన్ని వెనకవైపుకి నడిచి, బల్ల మీదున్న ఖాళీ స్టీలు పళ్ళేన్ని గచ్చు మీదికి తోసేసింది. ఆ చప్పుడుకి పక్కింటి కుక్క మొరిగింది. చిన్ని మాత్రం తలెత్తలేదు. ముక్క తుడిచింది, లోపలి పొర తీసింది, పక్కన వేసింది. శౌరమ్మ మనసులోనే గుణదల మాతకు దణ్ణం పెట్టుకుంది.

“కాగితాల్లేనివాళ్ళని ఇంట్లో పెట్టుకుంటే, పెట్టుకున్నవాళ్ళ మీద కూడా కేసేనండీ. తెలుసు కదా?” అంది సుస్మిత.

“తెలుసమ్మా. చట్టప్రకారం తప్పే. చావు తప్పించుకొచ్చిన మనిషి గుమ్మంలో నిలబడితే, చూసి తలుపేసుకోవడం మాత్రం తప్పు కాదంట. ఆ చట్టం రాసినవాళ్ళ గుమ్మంలోకి ఎవరూ వచ్చి ఉండరు.”

అన్నాక నాలుక కరుచుకుంది. సుస్మిత ఆవిడ వంక అదోలా చూసింది.

సరిగ్గా అప్పుడే లోపల చీర ఉయ్యాల్లో పాప లేచింది. ముందు సన్నగా మూలిగింది, ఆపైన గొంతెత్తి ఏడుపందుకుంది. ఎవరైనా ఉన్నప్పుడు పాప ఏడిస్తే శౌరమ్మే తెచ్చి చిన్ని ఒళ్ళో పెడుతుంది. ఇప్పుడూ అలాగే లేవబోయింది.

“మీరు కూర్చోండి,” అంది సుస్మిత.

“పసిదమ్మా, ఆకలికి…”

“కూర్చోండి. కాసేపు ఏడవనివ్వండి.”

శౌరమ్మ కూలబడింది. సుస్మిత చిన్ని ఎదురుగా గొంతుక్కూర్చుని రెప్ప వెయ్యకుండా చూస్తోంది. నువ్వూ ఒక తల్లివేనా అని అడగాలనిపించింది శౌరమ్మకు. కాగితాల్లేవని తేలితే చిన్నిని ఎక్కడికి పంపిస్తారో తెలుసు. మొగుణ్ణి కాల్చిన ఆ తుపాకుల దగ్గరికే. చిన్నికీ తెలుసు. అందుకే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నా ఆమె చేతులు ఆగలేదు. తుడిచింది, పొర తీసింది, పక్కన వేసింది. శౌరమ్మ ఇక చూడలేకపోయింది. కన్నీళ్ళు ముక్కల మీద పడకుండా ముఖం గోడ వైపు తిప్పుకుంది.

ఎంతసేపటికో సుస్మిత లేచి నిలబడింది. సంచిలోంచి కాగితం తీసి రాసి, రాసింది పైకి చదివింది.

“చిన్ని, శౌరమ్మ గారి చెల్లెలి కూతురు. పుట్టు చెవుడు, మూగ. స్వయంగా పరీక్షించాను.”

కింద సంతకం పెట్టింది. శౌరమ్మకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. గబగబా వెళ్ళి పాపను తెద్దామని లేచింది. ఈ అబద్ధం ఆదివారం పాపసంకీర్తనంలో ఫాదరుగారికి చెప్పాలా అని కూడా ఆలోచించి, అక్కర్లేదని ఆ క్షణంలోనే తేల్చేసుకుంది.

వీధిలో జీపు హారన్ మోగింది. “వస్తున్నా సార్. ఇక్కడ అలాంటివాళ్ళు ఎవరూ లేరు,” అని కేకేసి సుస్మిత గుమ్మం దాకా వెళ్ళింది. ఏమనుకుందో మళ్ళీ వెనక్కొచ్చింది. సంచిలోంచి చిన్న తువ్వాలు తీసింది. కొత్త బాలింతలు ఎప్పుడూ దగ్గర పెట్టుకునే మెత్తటి తువ్వాలు అది. వంగి దాన్ని చిన్ని గుండెల మీద కప్పింది.

“ఒక్క చుక్క తడి కూడా తగలకూడదన్నారుగా శౌరమ్మ గారూ,” అంది గొంతు తగ్గించి. “పాప ఏడుపు వినగానే ఈమెకు పాలు చేపి జాకెట్టంతా తడిసిపోయింది. ఎస్సై గారి కంట పడకముందే లోపలికి పంపండి.”