రెండు గొట్టాల లారీ

ఒక్క పొగగొట్టం ఉన్న లారీలో తిరగడం తన స్థాయికి తక్కువని ఇంద్రసేనయ్యకు యాభయ్యో ఏట తెలిసింది. తెలియజెప్పినవాడు ఆదోని మెకానిక్ మద్దిలేటి.

బ్రేకులు చూడమని తెచ్చిన లారీ కిందినుంచి బయటికి పాకి వచ్చి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"సావుకారూ, నీ ఇంజనుకు ఎనిమిది సిలిండర్లుండాయి. కుడిపక్క నాలుగు, ఎడమపక్క నాలుగు. అంత పొగా ఒక్క గొట్టంలోనే పోతాంది. రెండు ముక్కులుండి ఒక ముక్కు మూసుకున్నట్ల."

"అయితే ఏమంటావు?"

"ఇంగొక గొట్టం పెడితే బండికి బలమొస్తాది. పెట్రోలు కలిసొస్తాది." కొంచెం ఆగి, "కర్నూల్లో మంత్రుల కార్లకు రెండేనంట" అన్నాడు.

పెట్రోలు మాట ఇంద్రసేనయ్య చెవిలో పడింది. మంత్రుల మాట గుండెలో పడింది. కర్నూలు అప్పటికి కొత్తగా రాజధాని అయింది. తాను ఇంకా మంత్రి కాలేదు. గొట్టమైనా రావాలి కదా.

ఇంద్రసేనయ్య పత్తి వ్యాపారి. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేస్తే ఆ లారీ కొన్నాడు. ఎమ్మిగనూరులో ఆయనకు జిన్నింగ్ మిల్లు ఉంది. ఆ మిల్లుకు చెప్పకుండా పోవడం ఆయనకు తెలిసిన పెద్ద విద్య. మిల్లుకు ముందు రోడ్డు బాగా దిగుడు. ఆ దిగుడు మొదట్లోనే డ్రైవర్ పుల్లన్న చేత ఇంజను ఆపించేవాడు. లారీ పిల్లిలా జారుకుంటూ వచ్చి గేటు ముందు నిలిచేది. లోపల ఎవరు కూర్చుని కనబడితే వాళ్లకు సగం కూలి కోత. రెండోసారి కనబడితే పనే ఉండదు.

అంతకు ముందు నెల ఉచ్చీరమ్మ దొరికింది. జిన్నుల్లోకి పత్తి వేసే ఆడవాళ్లలో ఒకతె. గోడౌను వెనక కూర్చుని నాలుగు నెలల బిడ్డకు పాలిస్తోంది.

"కూలి నాది, పాలు నీ బిడ్డకా?" అన్నాడు ఇంద్రసేనయ్య. "ఇంగొకసారి ఈడ కనపడితే ఇంటికి పో."

ఆమె రవిక సర్దుకుని పరుగెత్తింది. ఆ పని పోతే ఆ ఊళ్లో ఆమెకు ఇంకో పని లేదు. బిడ్డ మాత్రం మిల్లు వేళలు నేర్చుకోలేదు. ఆకలైనప్పుడల్లా ఏడ్చేది.

గొట్టం పని నాలుగు రోజులు పట్టింది. పాత బాయిలరు గొట్టం తెచ్చి, అందులో ఇసుక పోసి, కొలిమిలో కాల్చి, మద్దిలేటి మెల్లగా వంచాడు. పొగకు అడ్డం అని లోపల రేకులు ఒక్కటీ పెట్టలేదు. ఉన్న గొట్టంలోని రేకులు కూడా పీకేశాడు. ఇంజను వేయగానే షెడ్డు మీది పావురాలన్నీ లేచిపోయాయి. ఇంద్రసేనయ్య మీసం మీద చెయ్యి వేశాడు.

"పులి మాదిరుండాది" అన్నాడు.

మద్దిలేటికి మాత్రం తృప్తి లేదు. గొంతు ఇంకా రావాలన్నాడు. రెండు గొట్టాలూ జానెడు జానెడు కోశాడు. పుల్లన్నను ఆలూరు రోడ్డులో రెండు మైళ్లు పోయి తిరిగి రమ్మని పంపి, షెడ్డు ముందు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. రెండుసార్లు తల అడ్డంగా ఊపాడు. మూడోసారి కళ్లు తెరిచి, చాలన్నాడు. పనిమంతులకు ఇట్లాంటి పిచ్చి ఉంటుందని ఇంద్రసేనయ్య తోటి వ్యాపారులకు వివరించాడు.

లారీ బజారులో పోతుంటే అంగళ్లలో తూకాలు ఆగాయి. ఎద్దులు బెదిరాయి. బండి ముందు పోతుంటే పరువు వెనక పోతోందని ఎవరో అన్నారు. ఆ మోతలో అది ఇంద్రసేనయ్యకు వినబడలేదు. అందరూ తిరిగి చూస్తున్నారు, అంతవరకు కనబడింది.

మర్నాడే ఉచ్చీరమ్మను పట్టుకోవడానికి ఎమ్మిగనూరు బయలుదేరాడు. దారి పొడుగునా పొలాల్లో జనం నడుము ఎత్తి చూశారు. దిగుడు రాగానే అలవాటుగా ఇంజను ఆపించాడు. లారీ చప్పుడు లేకుండా జారింది. చెప్పులు చేతబట్టుకుని గోడౌను వెనక్కి పోయాడు.

ఎవరూ లేరు. చీర ఉయ్యాలలో బిడ్డ నిద్రపోతోంది. మూతి చివర పాలచుక్క. లోపల ఆడవాళ్లందరూ తల ఎత్తకుండా పత్తి వేస్తున్నారు. ఉచ్చీరమ్మ అందరికంటే జోరుగా వేస్తోంది.

ఆ నెలలో ఆరుసార్లు పోయాడు. ఆరుసార్లూ అంతే.

"చూసినావా పుల్లన్నా, భయమంటే అదీ. ఒక్కసారి చెప్తే సాలు" అన్నాడు.

"అవు సావుకారూ" అన్నాడు పుల్లన్న, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా.

నెలాఖరు శనివారం ఇంద్రసేనయ్య పనిగట్టుకుని మెకానిక్ షెడ్డుకు వచ్చాడు. బండికి బలం వచ్చిందని, మిల్లులో జనానికి బుద్ధి వచ్చిందని చెప్పాడు. రెండింటికీ సంబంధం ఉందని ఆయనకూ అనిపించింది. మంత్రులు ఊరికే పెట్టుకోరు కదా.

మద్దిలేటి వినయంగా విన్నాడు.

"ఆ గొట్టాల మింద ఇంగెవురినీ చెయ్యి పెట్టనీయొద్దు సావుకారూ. యాడన్నా గొంతు తగ్గినట్లుంటే నా దగ్గరికే తే."

సావుకారు పోయాక మద్దిలేటి చేతుల మసి కడుక్కుని, సాయంత్రం బస్సుకు ఎమ్మిగనూరు పోయి, ఉచ్చీరమ్మ ఒడిలోంచి తన కూతుర్ని ఎత్తుకున్నాడు.