సాక్షి ఓబులమ్మ

అంతర్జాతీయ మానవ హక్కుల చట్టంపై వేసవి శిక్షణ అది. లాకప్పులో కొడుకును పోగొట్టుకున్న ఓబులమ్మ చనిపోయి చాలా ఏళ్లయింది. అయినా తెర మీద కంప్యూటర్‌తో తయారుచేసిన ఆమె ప్రతిరూపం రోజూ సాక్ష్యం చెప్పేది. విద్యార్థులు సాధన కోసం ఎదురుప్రశ్నలు వేస్తుంటే ఏడ్చేది.

ఆ రోజు నీలోఫర్ వంతు. "అమ్మా, ఇదంతా మళ్లీ చెప్పాలనుందా నీకు?" అని అడిగింది.

"ఈ మాట నన్నెవరూ అడగలేదు బిడ్డా. చెప్పిన ప్రతిసారీ నా కొడుకు మళ్లీ చస్తాండాడు. నాకొద్దు."

"ప్రతిరూపాలకు హక్కులుండవు. ప్రశ్నలు కానివ్వు," అన్నాడు ప్రొఫెసర్ చక్రపాణి.

నీలోఫర్‌కు ఒళ్లు మండిపోయింది. "మరి మాకు నేర్పుతున్నదేమిటి సార్?" అంటూ వెళ్లి తెర ఆపేసింది.

ఆమెను శిక్షణ నుంచి తీసేశారు. ఆమె ఓబులమ్మ తరఫున ఆ శిక్షణ కేంద్రం మీదే కేసు వేసింది.

ఓబులమ్మను సాక్ష్యానికి పిలిపించమన్నాడు జడ్జి.

"ఆమె వద్దంటోంది. అదేనండీ కేసు!" అని అరిచింది నీలోఫర్.