ముంగటి గోడ

భూమవ్వ ఇంటి ముంగటి గోడ పగలగొట్టిందని తెలిసిన శుక్రవారం తిరుమల్ అన్నం ముట్టలేదు.

“దాని తెలివి తెల్లారినట్టే ఉంది! మొగడు బొంబయిల చెమటోడ్చి కట్టిన ఇల్లాయె. అడగకుండ, చెప్పకుండ గోడ కూలగొడ్తదా?” అని లేబర్ క్యాంపంతా వినబడేలా అరిచాడు.

భూమవ్వ ఎవరో కాదు, టీవీలో వారానికోసారి వచ్చే సీరియల్లో నాయిక. మొత్తం ఎనిమిదే భాగాలు. ఏదో పెద్ద బహుమతి వచ్చిన నవలనట, సీరియల్‌గా తీశారు. ఆ చానల్ ఖతార్‌లో రాదు. అందుకని శుక్రవారం శుక్రవారం ఊళ్ళోంచి పెళ్ళాం మమత ఫోన్ చేసి తిరుమల్‌కు కథ చెప్పేది. మధ్యమధ్య దగ్గు అడ్డమొచ్చినా ఆపేది కాదు. అల్ ఖోర్‌లో వరల్డ్ కప్ స్టేడియం పనిలో ఉన్న తిరుమల్ స్పీకర్ పెడితే చాలు, గది గదంతా చెవులప్పగించేది.

మొదట్లో అంతా మామూలు ఏడుపు కథే. భూమవ్వ బీడీలు చుడుతుంది, దగ్గుతుంది, బొంబాయి మొగుడి కోసం కళ్ళొత్తుకుంటుంది. మూడో వారానికి కథ రంజుగా మారింది. బీడీల చాట మూలకు విసిరేసి, ముంగటి గోడ తీయించి, సకినాల దుకాణం పెడతానంది. మొగుడికి మాత్రం చెప్పదు. చెబితే వద్దంటాడని భయం.

తిరుమల్ మేస్త్రీ. గోడ కట్టినవాడికే గోడ నొప్పి తెలుస్తుంది. ఒక పూటంతా అలిగాడు. రెండో పూటకి ఉండబట్టలేక తనే ఫోన్ చేశాడు.

“గోడ ఊకనే తీసిన్రా? పైన బీమ్ పోసిన్రా?”

“ఏమో, టీవీల చూపియ్యలే. పొయ్యాల్నా?” అంది మమత.

“పొయ్యాల్నా అని అడుగుతవా! ముందుగాల జాకీలు పెట్టి స్లాబును ఆపాలె. తర్వాత బీమ్ పొయ్యాలె. లేకుంటే స్లాబు మొత్తం ఆమె నెత్తి మీదికే వస్తది!”

మరుసటి వారం భూమవ్వ జాకీలు పెట్టించింది. బీమ్ పోయించింది. తిరుమల్ తొడ చరిచాడు.

“జూసిన్రా? డైరెక్టర్‌కు పని తెలుసు!”

అప్పట్నుంచి ఆ గదే భూమవ్వకు పుట్టిల్లయింది. బేరాలు బాగున్నాయంటే అందరికీ సంబరం. సకినాలు విరిగిపోతున్నాయంటే అందరికీ దిగులు. “పిండి సరిగ్గ నానలేదు, నాకు తెల్వదా!” అని పెద్దాయన బుచ్చన్న తీర్పు చెప్పాడు. ఆయన జన్మలో సకినం చుట్టిన పాపాన పోలేదు.

ఒక్కటే చిక్కు. మొగుడికి తెలిస్తే? ఇంట్లోంచి గెంటేస్తాడా, ఉంచుతాడా?

ఆఖరి భాగానికి ముందు శుక్రవారం మమత గొంతు తగ్గించి అడిగింది. “వచ్చే వారం ఆయనకు తెలుస్తదట. ఏమంటడంటరు?”

“తంతడు. ఇంకేమంటడు?” అన్నాడు బుచ్చన్న.

తిరుమల్‌కు రోషం పొడుచుకొచ్చింది. మంచం దిగి నిలబడ్డాడు.

“తన్నేతందుకు ఆయనెవడు? బీడీలు చుట్టి చుట్టి ఆమె పానం పోతుండె. గోడ పోతే పోయింది, పెండ్లాం బతికింది! మొగోడైతే శబ్బాస్ అనాలె. కాదని నోరెత్తిండో, చెప్పు తీస్కొని కొట్టమను. నా పేరు చెప్పి కొట్టమను!”

గదంతా చప్పట్లు, ఈలలు. ఫోన్లో మమత ముక్కు చీదిన చప్పుడైంది. “ఇగ ఉంట” అని పెట్టేసింది.

ఆఖరి శుక్రవారం ఫోన్ రాలేదు. తను చేస్తే ఎత్తలేదు. తిరుమల్‌కు కాలు నిలవలేదు. భూమవ్వ గతి ఏమైనట్టు? అంతలో సెలవు మీద ఊరికి వెళ్ళిన నర్సింలు బ్యాగుతో దిగాడు. ఊళ్ళో తిరుమల్‌కు పక్కింటివాడు. పాపం, వాణ్ణి కూర్చోనిస్తేనా!

“నర్సింలూ, ఆ సీరియల్ చూసినవా? గోడ సంగతి ఆ మొగనికి తెలిసిందా? ఏమన్నడు?”

నర్సింలు ఒక్క నిమిషం తెల్లమొహం వేశాడు. తర్వాత ముసిముసిగా నవ్వుతూ బ్యాగులోంచి ఒక పొట్లం తీసి తిరుమల్ చేతిలో పెట్టాడు.

“సీరియల్ల గోడా లేదు దుకాణమూ లేదు గని అన్నా, ఇవి మీ ఇంటి ముంగటి గోడ తీసి మమతొదిన పెట్టిన దుకాణంల సకినాలు, తిన్నంక నువ్వేమంటవో అడిగి ఫోన్ చెయ్యమన్నది!”