ఊదా రంగు నీడ

"ఔనా, కాదా. ఒక్క ముక్కల చెప్పు సార్. ఎక్కువ మాటలు వద్దు," అంటూ మనీష్ గుడ్డ మీద రంగులతో వేసిన బొమ్మను గుండయ్య మంచం మీద పడేశాడు.

గుండయ్య ముందు బొమ్మ వైపు చూడలేదు, మనీష్ కాళ్ల వైపు చూశాడు. ఛత్రినాకలో ఆయన దగ్గర డ్రాయింగ్ నేర్చుకున్నవాళ్లెవరూ ఆ గదిలోకి చెప్పులతో రాలేదు. ఉస్మాన్‌గంజ్‌లో పసుపు, మిర్చి హోల్‌సేల్ చేసే ఈ మనీష్ మాత్రం అలా రావడం ఇది రెండోసారి. మొదటిసారి వచ్చినప్పుడు కిటికీ అద్దం పగలగొట్టి పోయాడు. ఇప్పటికీ అక్కడ అట్టముక్కే అడ్డం ఉంది, గదిలో వెలుగు అంతంత మాత్రమే.

మనీష్ కోపానికి కారణం గల్లీ అంతటికీ తెలుసు. అతని చెల్లెలు స్రవ్య పోయిన ఏడాది పాలవాళ్లింటి ప్రహ్లాద్‌ను పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ప్రహ్లాద్ గుండయ్య శిష్యుడు. ఇద్దరూ ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. దొరికితే వాడి చేతులు విరిచి, చెల్లెల్ని ఈడ్చుకొస్తానని మనీష్ బజారులో నలుగురి ముందే అన్నాడు. అన్నంత పనీ చేసే రకమే.

ఈ బొమ్మ అతనికి ఫ్రేములు కట్టే ఓ ఇరుకు దుకాణంలో దొరికింది. సంతకం లేదు. ఎవరు తెచ్చారో దుకాణదారు చెప్పనంటున్నాడు. ప్రహ్లాద్ వేసిందేనని తేలితే చాలు, ఆ దుకాణదారు నోరు తెరిపించడం మనీష్‌కు పెద్ద పని కాదు. ఆ తేల్చే మనిషి గుండయ్య ఒక్కడే.

"వాని పేరు నా ఇంట్ల తియ్యకు సేటూ," అన్నాడు గుండయ్య. "నా అద్దం పగిలింది వాని వల్ల. నా దగ్గరికొచ్చే పిల్లలు బందైంది వాని వల్ల. దొరికితే ముందుగాల నేను తంత."

ఆ మాట మనీష్‌కు నచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

వెంట వచ్చిన మేనమామ కొడుకు రాహుల్ బొమ్మలోని నీడను వేలితో చూపించాడు. ప్రహ్లాద్ తన భార్యను వేసిన బొమ్మలు ఒకప్పుడు అతని ఫేస్‌బుక్‌లో ఉండేవి. అన్నిట్లోనూ ఆమె నీడ నల్లగా కాక ఊదా రంగులో ఉండేది. ఇందులోనూ అంతే కదా అన్నాడు.

"గది ఇంప్రెషనిస్టులని పాతకాలం పెయింటర్ల పద్ధతి. ఎండల నీడ నల్లగుండదని నేను అందరికీ చెప్పిన. నా దగ్గర నేర్చుకున్నోళ్లంత గట్లనే ఏస్తరు. అందర్ని కొడతవా?"

"మరి వాడు ఏసింది కాదని ఎట్ల చెప్తవ్?" అన్నాడు మనీష్.

గుండయ్య బొమ్మ ఎత్తి అతని ముక్కుకు తగిలేంత దగ్గర పెట్టాడు. పసుపు కొమ్మును కళ్ల దగ్గర పట్టి రకం చెప్పే మనిషి మనీష్. బొమ్మనూ అలవాటు కొద్దీ అలాగే చూశాడు. గీత లేదు, అంచు లేదు. గోడకు పిడకలు కొట్టినట్టు రంగు మీద రంగు.

"నీ చెల్లె మొఖం ఏడుందో చూపియ్. ప్రహ్లాద్‌గాడు ఎంత బేకార్ అయినా పెండ్లాన్ని మంచిగ ఏసెటోడు. ఇందుల కన్నుందా, ముక్కుందా?"

మనీష్ వెతికాడు. కన్ను దొరకలేదు, ముక్కు దొరకలేదు. చికాకుగా బొమ్మ మధ్యలో వేలు పెట్టాడు.

"ఈ పచ్చటి ముద్ద ఏంది?"

"గుమ్మడికాయ. ఎవతో కూరగాయలామె, ఒళ్లె పెట్టుకొని కూసుంది. కొత్తగ నేర్చుకునెటోడు ఎవడో మార్కెట్ల ఏసిండు."

రాహుల్‌కు మాత్రం అనుమానం పోలేదు. ఫోటో తీసి అత్తమ్మకు పంపుదాం, కన్నతల్లి కదా, గుర్తుపడుతుందేమో అన్నాడు. ఫోన్ పట్టుకుని గుమ్మం వైపు వెనక్కి అడుగు వేశాడు. గుండయ్య బొమ్మను చటుక్కున తిప్పి వెనకవైపు చూపించాడు.

"ఫోటో తర్వాత. ముందు గిది చూడు. వాడు సంతకం పెట్టకున్నా వెనక పెండ్లాం పేరు రాసెటోడు. ఉందా?"

ఇద్దరూ వంగి మూలమూలా వెతికారు. పేరు లేదు. ఉత్త గుడ్డ. ఇంత దూరం పరిగెత్తించి పరువు తీశావని మనీష్ రాహుల్‌ను తిట్టాడు. రాహుల్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"అబద్ధమని తెలిసిందనుకో, ఈసారి అద్దంతోని ఆగ," అన్నాడు మనీష్ లేస్తూ.

"తెలిసినప్పుడు రా. పోయేటప్పుడు గీ చెత్తను తీస్కపో. నా ఇంట్ల ఉంచకు."

ఆ మాటతో మనీష్‌కు ఒళ్లు మండింది. బొమ్మను కాలితో మూలకు తన్ని, నువ్వే ఉంచుకొమ్మని బయటికి నడిచాడు.

బండి చప్పుడు గల్లీ మలుపు దాటేదాకా గుండయ్య కదల్లేదు. తలుపు గడియ పెట్టాడు. కిటికీకి అడ్డం ఉన్న అట్టముక్క తీశాడు. గది నిండా ఎండ పడింది. బొమ్మకు అంటిన చెప్పు మట్టిని తువ్వాలుతో తుడిచి, కుర్చీలో నిలబెట్టాడు. దాని మీది నుంచి చూపు తిప్పకుండా, వంటింటి గోడకు వీపు తగిలేదాకా వెనక్కి నడిచాడు. అక్కడి నుంచి రంగులన్నీ ఒకదానిలో ఒకటి కలిసి, ఆ పచ్చటి ముద్ద మీద చెయ్యి వేసుకుని కూర్చున్న స్రవ్య అయ్యాయి.

"ఎన్నో నెల బిడ్డా?" అన్నాడు.